అండర్ లివర్ ఎయిర్ గన్ కొంటరా? పవర్ గాదు, లివర్ పట్టు సూడున్రి

కాశిబుగ్గ చౌరస్తా కాంచి ఎనుమాముల మార్కెట్ దాక మిర్చి సీజన్ల ఎవల్ని కదిలిచ్చినా రెండే ముచ్చట్లు. ఒకటి రేటు, రెండోది కోతులు. చేన్ల మక్క కంకి ఉంచుతలెవ్వు, పల్లికాయ ఉంచుతలెవ్వని రైతులు మొత్తుకుంటరు. మిద్దె మీద ఎండవెట్టిన వడియాలకు సుత దిక్కులేకుంట పోయిందని బస్తీ ఆడోళ్లు తిడుతరు. వడిసెల అయిపోయింది, గులేరు అయిపోయింది, పటాకులు అయిపోయినయి. ఇగ ఇప్పుడు మాట ఎయిర్ గన్ కాడికొచ్చి ఆగింది. దాంట్ల సుత నడుమ విరిగేది పాతదైంది, "కింద లివర్ ఉండేది మస్తుంటదట గదనే, ఏ కంపిని తీసుకోవాల్నే అన్నా?" అని అడుగుతున్నరు.

సూటిగ జెప్పాల్నంటె గిట్ల. కాగితం మీది గురి కొట్టేటందుకు, చెయ్యి నిలకడ నేర్సుకునేటందుకు అయితె స్ప్రింగు అండర్ లివర్ మంచి వస్తువే, ఎంచుకునుడు తెల్వాలె గంతే. కోతుల కోసమైతె ఏదీ కొనకున్రి. రెండో మాట ఎందుకంటున్ననో ఎనుక జెప్త. ముందుగాల వస్తువు సంగతి సూద్దాం, ఎందుకంటె దుకాణంల అమ్మేటోడు జెప్పేది పవర్ ఒక్కటే, మనం సూడాల్సింది ఇంకోటి.

స్ప్రింగు ఎయిర్ గన్ల మందు ఉండది, గ్యాస్ బుడ్డి ఉండది. సైకిల్ పంపును యాది జేసుకోన్రి. గొట్టంల ఒక పిస్టన్, దాని మూతికి వాషర్, ఎనుక బలమైన స్ప్రింగు. లివర్ గుంజితె పిస్టన్ ఎనుకకు జరుగుతది, స్ప్రింగు ముడుసుకపోతది, పిస్టన్ పోయి ఒక కొక్కానికి తట్టుకుంటది. ట్రిగ్గర్ నొక్కంగనే కొక్కెం జారుతది. స్ప్రింగు పిస్టన్‌ను ముంగటికి తంతది, ముంగటున్న గాలి ఒక్కపారి నలిగి, వేడై, సన్నటి బెజ్జంల నుంచి నాళిలకు ఉరుకుతది. ఆ గాలే ఛర్రాను బయటికి నూకుతది. గీ కథంత రెప్పపాటుల పదోవంతుల అయిపోతది. పంపు కొసకు ఏలు అడ్డం వెట్టి నాలుగు సార్లు కొడితె గొట్టం కాలుతది సూడున్రి, గదే వేడి. లోపల నూనె ఎక్కువ పోస్తె ఆ వేడికి నూనె అంటుకుని పొగ వస్తది, సప్పుడు పెద్దగైతది. కొందరు దాన్ని సూసి "అబ్బ, ఏం పవర్‌రా" అని మురుస్తరు. అది పవర్ గాదు, వాషర్ కాలుతున్న వాసన.

మరి ఆ స్ప్రింగును ముడిచేది ఎట్ల? ఇక్కడనే తుపాకులు రెండు తొవ్వలు పడుతయి. బ్రేక్ బ్యారెల్ల నాళే లివరు. నాళిని పట్టి కిందికి విరిస్తె స్ప్రింగు ముడుస్తది, నాళి మూతి కండ్ల ముంగటికి వస్తది, ఛర్రా వెట్టి మళ్ల ఎత్తి మూసుడే. సులువు, చౌక, పనితనం తక్కువ. మన దేశంల చేసిన ఎయిర్ గన్లు ఎక్కువ ఈ తీరుయే, డయానా 35 అనే పాత జర్మన్ నమూనాను సూసి చేసినయి చానా ఉన్నయి. ఐనవోలు జాతరల, మేడారం తొవ్వల బుగ్గలు కొట్టే దుకాణాలల్ల మనం చిన్నప్పటి సంది పట్టుకున్నయి సుత ఇవే. కని తలుపు బందు లెక్క ప్రతి దెబ్బకు నాళి తెరుసుడు, మూసుడు. ఏండ్లు గడిస్తె బందు వదులైతది, నాళి ఒక వెంట్రుక వాసి పక్కకు కూసుంటది. గురి సూసేది ఒక దిక్కు, ఛర్రా పోయేది ఇంకో దిక్కు. జాతర దుకాణంల బుగ్గ పలగకపోతె మన చేతి తప్పు అనుకుంటం గని సగం తప్పు ఆ వదులు బందుదే.

అండర్ లివర్ల నాళి కదలదు. నాళి కింద ఇంకో ఇనుప కడ్డి ఉంటది, దాన్ని కిందికి గుంజి స్ప్రింగు ముడుసుడు. నాళి ఎక్కడ బిగిచ్చిండ్లో అక్కడనే ఉంటది కాబట్టి గురి ఏండ్లకేండ్లు మారది. దీని కోసమే మనిషి ఎక్కువ పైసలు వెడుతడు. గీ ఉపాయం కొత్తది సుత కాదు. ఇంగ్లండుల లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల పనోడు 1904ల దీనికి పేటెంట్ తీసుకున్నడు, 1905 సంది బర్మింగ్‌హామ్‌ల బీఎస్ఏ కంపిని చేసి అమ్మింది. బీఎస్ఏ అంటె మనకు సైకిల్ యాదికొస్తది గని, ఆ మూడు అక్షరాల అర్థం బర్మింగ్‌హామ్ చిన్న ఆయుధాలు అని. ఆ కంపిని గుర్తుల మూడు తుపాకులు నిలవెట్టి ఉంటయి, పాత సైకిల్ల మీద సుత ఆ గుర్తును సూసినోళ్లు ఉంటరు.

ఇగ నాళి కదలకపోతె ఛర్రా ఎక్కడ వెట్టాలె? అండర్ లివర్లల్ల ఒకదానికీ ఇంకోదానికీ అసలు తేడా ఇక్కడనే ఉన్నది. దుకాణంల ఇది ఎవ్వలూ జెప్పరు.

పాత తీరుల నాళి ఎనుక ఒక నల్లా తీరు బిర్రడ ఉంటది. దాన్ని తిప్పితె పైకి బెజ్జం కనపడుతది, ఛర్రాను దాంట్ల జారిడిసి మళ్ల తిప్పి మూసుడు. 1948ల వచ్చిన బీఎస్ఏ ఎయిర్‌స్పోర్టర్ గిట్లాంటిదే. ఏలుకు భయం లేదు, పిల్లెట్టు వెట్టుడు అలకగుంటది. కని బిర్రడ అరిగితె సందుల నుంచి గాలి పోతది. ఛర్రా బిర్రడల నుంచి దుంకి నాళిలకు పోవాలె, దుంకేటప్పుడు జెర వంకరైనా గురి చెడుతది. పాతది ఎవలన్న అమ్ముతుంటె ఆ బిర్రడ మీద సన్నటి కాగితం ముక్క వెట్టి ఒక ఛర్రా కొట్టి సూడున్రి. కాగితం ఎగిరిపోతె గాలి పోతున్నట్టే, బేరం ఆపేయున్రి.

రెండోది జారే సిలిండర్ తీరు. లివర్ గుంజితె పిస్టన్ ఉన్న సిలిండరే మొత్తం ఎనుకకు జరుగుతది, నాళి ఎనుక మూతి బయటపడుతది. ఛర్రాను బొటనేలుతోని తిన్నగ నాళిలకు ఒత్తుడు, లివర్ మూస్తె సిలిండర్ ముంగటికి వచ్చి నాళికి అంటుకుంటది. ఛర్రా ఎక్కడికీ దుంకది, గాలి ఎక్కడా కారది. గురికి ఇంతకంటె మంచి తీరు స్ప్రింగు తుపాకులల్ల తక్కువ. జర్మనీల వైరాఖ్ కంపిని హెచ్‌డబ్ల్యూ77, హెచ్‌డబ్ల్యూ97, ఇంగ్లండుల ఎయిర్ ఆర్మ్స్ వాళ్ల టీఎక్స్200 ఈ జాతియే. అక్కడి ఫీల్డ్ టార్గెట్ ఆటలల్ల స్ప్రింగు తుపాకి పట్టేటోళ్ల చేతుల ఎక్కువ ఇవే కనపడుతయి. స్పెయిన్ గామో సీఎఫ్ఎక్స్‌ల ఇంకో తీరు, అక్కడ నాళి ఎనుక తిరిగే మూత ఉంటది, బరువు మూడు కిలోలే.

జారే సిలిండర్ల భయం ఏందంటె, మన బొటనేలు పోయేది ముడుసుకున్న స్ప్రింగు ముంగటికి. ఎనుకకు గుంజిన సిలిండర్‌ను పట్టి ఉంచేది ఒక చిన్న కొక్కెం. ఆ కొక్కెం అరిగిందనుకోన్రి, లేకపోతె ఎవలో అంగడికాడ ట్రిగ్గర్ నున్నగుండాలని ఆకురాయితోని రుద్దిండనుకోన్రి, ఏలు లోపలున్నప్పుడే సిలిండర్ దబ్బున వస్తది. ఏలు గోరు కాడికి తెగుతది. బ్రేక్ బ్యారెల్ల కొక్కెం జారితె నాళి పైకి లేసి వంకరైతది, ఏలు నలుగుతది. జారే సిలిండర్ల అయితె ఏలు ఉండది. మంచి మోడల్లల్ల దీనికి అడ్డం ఉంటది. టీఎక్స్200ల లివర్ గుంజుతుంటె టక్కు టక్కున పండ్లు పడుతయి, మధ్యల చెయ్యి జారినా లివర్ ఎనుకకు రాదు. లివర్ మళ్ల మూయాల్నంటె పక్కపొంటి ఒక బటన్ ఒత్తాలె. ఇంక చాన మోడల్లల్ల లివర్ తెరిసున్నంత సేపు ట్రిగ్గర్ పని చెయ్యది. చౌక తుపాకుల్ల ఈ రెండూ ఉంటలెవ్వు, ఉన్నా నమ్మబుద్ధి కాదు.

అందుకే దుకాణంల తుపాకి పట్టుకున్నంక మొట్టమొదటి పని పవర్ అడుగుడు కాదు. మూతి గోడ దిక్కు వెట్టి, లివర్‌ను సగం దాక గుంజి మెల్లగ వదిలి సూడున్రి, పండ్లు పట్టుతున్నయా లేదా అని. తర్వాత పూర్తిగ గుంజి, లివర్‌ను చేతిల గట్టిగ పట్టుకునే ఉండి, అట్లనే ట్రిగ్గర్ నొక్కున్రి. లివర్ చేతిల తన్నిందంటె ఆ తుపాకి తీసుకోకున్రి, ఎంత చౌకకిచ్చినా సరే. ఇట్ల పరీక్ష చేసేటప్పుడు లోపల ఏలు ఉండొద్దు, లివర్ వదలొద్దు. దుకాణపాయన వద్దంటె ఆయననే చేసి సూపెట్టుమనున్రి. పరీక్ష అయినంక ఉట్టిగ ట్రిగ్గర్ ఒత్తి వదిలిపెట్టొద్దు, ఛర్రా లేకుంట కొడితె పిస్టన్ పోయి గోడకు గుద్దుకుంటది. ముంగట ఛర్రా అడ్డముంటెనే గాలి పరుపు లెక్క ఆపుతది.

ఇంటికి తెచ్చుకున్నంక సుత ఒకటే పద్ధతి. ఛర్రా వెట్టేటప్పుడు ఒక చెయ్యి లివర్ మీద గట్టిగ, ఇంకో చెయ్యి ఛర్రా మీద. ఏలు బయటికి వచ్చేదాక లివర్ వదలొద్దు. ఏ కంపినిదైనా, ఎంత రేటుదైనా సరే. పిలగాండ్లకు మొట్టమొదట నేర్పాల్సింది గురి సూసుడు గాదు, ఇదే.

ఇప్పుడు పవర్ ముచ్చట. డబ్బా మీద 1000 అని రాసి ఉంటది, సెకండుకు 1000 అడుగులని. ఇంకో డబ్బా మీద 800 అని ఉంటది. మనోడు వెయ్యిది తీసుకుంటడు. జెర లెక్క జేద్దాం. 1000 అడుగులంటె సుమారు 305 మీటర్లు. ఆ వేగం చానసార్లు 0.35 గ్రాముల తేలిక ఛర్రాతోని కొలిచింది. దాని బలం 16 జౌల్స్ జెర పైన. అదే తుపాకిల మామూలు సీసం ఛర్రా, 0.54 గ్రాములది, వేస్తె వేగం సుమారు 245 మీటర్లకు, అంటె 800 అడుగులకు వస్తది. బలం మాత్రం అంతే. అంటె వెయ్యి డబ్బా, ఎనిమిది వందల డబ్బా రెండూ ఒకటే తుపాకి కావచ్చు. ఎనుమాములల తడి మిర్చి తూకం, ఎండు మిర్చి తూకం ఒక్కతీరు సూడరు గద, ఇది సుత అంతే. ఏ ఛర్రాతోని కొలిచిండ్లో తెల్వకుంట వేగం అంకెకు విలువ లేదు.

ఇంకో సంగతి, ఆ బలానికి మన చట్టంల హద్దు ఉన్నది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం నాళి 4.5 మిల్లీమీటర్లు, అంటె పాయింట్ 177, దాటొద్దు, బలం 20 జౌల్స్ దాటొద్దు. ఈ రెండిట్ల ఏది దాటినా లైసెన్సు కావాలె. సీసం ఛర్రా సెకండుకు 270 మీటర్ల కాడికొచ్చిందంటె 20 జౌల్స్ అంచుకు వచ్చినట్టు. ఇంగ్లండుల లైసెన్సు లేకుంట అమ్మే తుపాకికి హద్దు 16 జౌల్స్ పైన జెర, జర్మనీల 7.5 జౌల్సే. అసొంటి తుపాకులతోనే వాళ్లు 40, 50 మీటర్ల కాడ రూపాయి బిళ్లంత గురిని కొడుతరు. బలం తక్కువుంటె స్ప్రింగు మెత్తగుంటది, తుపాకి తక్కువ ఎగురుతది, గురి మంచిగొస్తది. అందుకే 20 జౌల్స్ హద్దుల ఉన్న రెండు అండర్ లివర్లల్ల తక్కువ బలమున్నదాన్నే తీసుకోన్రని నేనంట. ఎక్కువ బలం కోసం అంగట్ల గట్టి స్ప్రింగు ఏపిచ్చుకునుడు మాత్రం రెండు తీర్ల నష్టం. కొక్కెం ఆ బరువుకు చేసింది కాదు, పైంగ 20 దాటిందంటె లైసెన్సు లేని ఆయుధం మీ ఇంట్ల ఉన్నట్టే. ఇగ 5.5 మిల్లీమీటర్ల నాళి, మనోళ్లు టూ టూ అంటరు, అది ఎంత తక్కువ బలముదైనా లైసెన్సే. "ఏం గాదు తీస్కో" అన్నోని మాట పోలీస్ స్టేషన్ల పని చెయ్యది.

హద్దుల ఉన్న తుపాకికి లైసెన్సు అక్కర లేదు గని, అమ్మేటోడు మీ గుర్తింపు కార్డు, అడ్రస్సు తీసుకుని రిజిస్టర్ల ఎక్కియ్యాలె. రసీదు తీసుకోన్రి, దాచుకోన్రి. బయటి దేశం తుపాకి తెప్పిచ్చుకునుడు మామూలు కొరియర్ పని గాదు, ముందుగాల పర్మిషన్ ఉండాలె. హెచ్‌డబ్ల్యూ, టీఎక్స్ పేర్లు ఇక్కడ రాసింది అవే కొనుమని గాదు, మంచి అండర్ లివర్ ఎట్లుంటదో తెల్వాలని. చేతికి వచ్చేది పాతదైనా, దేశీదైనా, పైన జెప్పిన పరీక్షనే పెట్టున్రి.

బరువు మీద ఒక మాట. అండర్ లివర్ల కింద కడ్డి అదనం, సిలిండర్ గట్టిది, అందుకే బరువుంటది. హెచ్‌డబ్ల్యూ97 నాలుగు కిలోల లెక్క, టీఎక్స్200 ఇంక జెర ఎక్కువ. దుకాణంల రెండు నిముషాలు పట్టుకుంటె ఏం తెల్వది. భుజానికి ఆనిచ్చి నూరు లెక్కపెట్టున్రి, చెయ్యి వణికితె మీకు అది ఎక్కువ. లివర్ గుంజుడు సుత సూడాలె. పదిహేను ఇరవై కిలోల బస్తాను ఒక్క చేత్తోని గుంజినంత బలం పడుతది. ఒక్కపారి గుంజుడు ఎవ్వలైనా గుంజుతరు. యాభై ఛర్రాలు కొట్టాల్నంటె యాభై సార్లు గుంజాలె. లివర్ పొడుగుంటె గుంజుడు అలకగుంటది, పొట్టిగుంటె తుపాకి సూడ చక్కగుంటది గని భుజం పోతది. పదో తరగతి పిలగానికి కొనిస్తుంటె ఆయన చేతితోనే గుంజిపియ్యున్రి, నాయిన చేతితోని గాదు.

కొన్నంక మొదటి వారంల అందరూ "తుపాకి మంచిగ లేదు" అంటరు. బుగ్గల దుకాణంల అలవాటుకు గట్టిగ పట్టి, భుజంల గుచ్చి కొడుతరు. స్ప్రింగు తుపాకి గుణం వేరు. పిస్టన్ ముంగటికి పోయేటప్పుడు తుపాకి ఎనుకకు తంతది, పిస్టన్ ఆగేటప్పుడు ముంగటికి తంతది. ఇవి రెండూ అయ్యేటప్పటికి ఛర్రా ఇంక నాళిలనే ఉంటది. గట్టిగ పట్టితె ప్రతి సారి ఒక్కో తీరు ఎగురుతది. అరచెయ్యిని తెరిసి, కట్టెను దాని మీద ఊకె ఆనిచ్చి, దాని ఇష్టానికి దాన్ని ఎగురనియ్యాలె. ప్రతి సారి ఒక్కతీరు ఎగిరితె ఛర్రా ఒక్క కాడనే పడుతది. ఈ రెండు దిక్కుల తన్నుడుకే మామూలు దుర్బిణి స్కోపులు పలుగుతయి. పెద్ద తుపాకులకు ఎక్కించే ఖరీదు స్కోపు సుత నెల రోజులల్ల గీత జారిపోవచ్చు, ఎందుకంటె అది ఒక్క దిక్కు తన్నుడుకే చేసింది. స్ప్రింగు ఎయిర్ గన్ కోసమే చేసిన స్కోపు అని రాసి ఉండాలె. నన్నడిగితె మొదటి ఏడు స్కోపే వద్దు, తుపాకి మీదున్న గురితోనే నేర్సుకోన్రి.

గగన్ నారంగ్ పేరు జెప్పి పిలగానికి తుపాకి కొనిచ్చేటోళ్లు సుత ఉన్నరు. తప్పేం లేదు. మన హైదరాబాద్ పిలగాడే, 2003ల ఇక్కడ జరిగిన ఆఫ్రో ఆసియా ఆటలల్ల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ల బంగారం కొట్టిండు, 2012 లండన్ ఒలింపిక్స్‌ల కాంస్యం తెచ్చిండు. కని ఆ పోటీలల్ల ఇప్పుడు పట్టేది స్ప్రింగు తుపాకి గాదు. ముందే నింపిన గాలి సిలిండర్ ఉండే తుపాకి, దానికి తన్నుడే ఉండది. ఆ గురి పలక మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, అంటె పెన్సిలు మొనంత. పిలగాన్ని పోటీలకు పంపుదామనుకుంటె అండర్ లివర్‌కు పైసలు పోయకముందే గచ్చిబౌలి రేంజికో, ఏదన్న రైఫిల్ క్లబ్బుకో ఒకపారి తీసుకపోయి, వాళ్ల తుపాకి పట్టిపిచ్చి అడుగున్రి. ఒక్క ప్రయాణం ఖర్చుతోని తేలిపోతది.

ఇగ కోతుల ముచ్చట. ఎనుక జెప్త అన్న గద.

మనకాడ తిరిగే కోతులు రెండు జాతులు. తోక పొట్టిగుండి మొఖం ఎర్రగుండేది రీసస్. తోక పొడుగుండి నెత్తిమీద జుట్టు పాపిట తీసి టోపి వెట్టినట్టుండేది బోనెట్. 2022ల వన్యప్రాణి చట్టం మార్చినప్పుడు రీసస్ పేరు రక్షణ జాబితాల నుంచి తీసేసిండ్రు. అది పట్టుకునే "ఇప్పుడు కోతిని కొడితె కేసు లేదట" అని చెప్పుకుంట తిరుగుతున్నరు. బోనెట్ కోతి జాబితాల ఉన్నది. నూరు గజాల దూరంల మిద్దె మీద కూసున్నది ఏ జాతిదో తోక కొలిచి కొడుతరా? రీసస్ అయినా సరే, జీవాల మీద క్రూరత్వం ఆపే 1960 చట్టం ఉండనే ఉన్నది. పిట్టల సంగతి ఇంక సుత తేట. నెమలి, చిలుక, కొంగ, కంజు, జాబితాల ఉన్న ఏ పిట్టను కొట్టినా అది వేటనే.

చట్టం పక్కకు వెట్టి పని అయితదా సూద్దాం. 16 జౌల్స్ ఛర్రాకు కోతి సావది. ఛర్రా తోలు దాటి కండల కూసుంటది, చీము వడుతది, అది వారాలు తిప్పలువడి ఎక్కడో సస్తది, లేదా దెబ్బ మీద కోపంతోని తిరుగుతది. మంద ఆ పొద్దు పక్క గల్లికి పోతది, తెల్లారి మళ్ల వస్తది. దానికి తిండి మీ మిద్దె మీద ఉన్నది, మీ చేన్ల ఉన్నది. 2020 నవంబర్ల మహబూబాబాద్ కాడ శనిగపురంల సంచులల్ల మూటగట్టిన పదుల కోతుల పీనుగలు దొరికినయి. అంత చేసినంక ఆ దిక్కు కోతులు లేకుంట పోయినయా? నిర్మల్ కాడ చించోలిల 2020 డిసెంబర్ల కోతుల కేంద్రం తెరిసిండ్లు, పట్టి ఆపరేషన్ చేసి అడవిల ఇడిసేటందుకు. ఒక్క కేంద్రం మొత్తం తెలంగాణకు ఎక్కడ సరిపోతది? మంకీ ఫుడ్ కోర్టులని పండ్ల చెట్లు నాటిచ్చిండ్లు, ఎన్ని బతికినయో ఊరోళ్లకే ఎరుక. సర్కార్ చెయ్యాల్సిన పని సర్కార్ చెయ్యకపోతె రైతు చేతికి తుపాకి వస్తది. రైతును తప్పువట్టేటందుకు మనసొప్పది. కని ఆయన పైస ఖర్చువెట్టి తెచ్చుకునే వస్తువు ఆయన పని చెయ్యదని జెప్పకపోతె అది ఇంక పెద్ద అన్యాలం. గా పైసలు చేను సుట్టు వల మీదనో, నలుగురు రైతులు కలిసి పెట్టుకునే కావలి మనిషి మీదనో పోయేది మేలు.

తుపాకి కొన్నోళ్లు ఎక్కడ కొట్టాల్నన్నది సుత సోంచాయించాలె. కాశిబుగ్గ గల్లీలు ఎంత ఇరుకో ఉన్నోళ్లకు తెలుసు. ఒక మిద్దె మీద అన్నం గిన్నె పడితె నాలుగిండ్లకు సప్పుడు. పైకెత్తి కొట్టిన ఛర్రా రెండు మూడు వందల మీటర్లు పోతది. మీ మిద్దె మీద కోతికి తగలకపోతె అది రెండు గల్లీల అవుతల ఎవని ముంగట్ల పడుతదో మీకు తెల్వది. మిద్దె మీద గురి వెడితె ఛర్రా ఎప్పుడూ కిందికి పోయేటట్టు వెట్టాలె. గురి ఎనుక ఇసుక నింపిన గన్నీ సంచి, ఒకటి గాదు, ముంగట ఒకటి ఎనుక ఒకటి. గోడ, రాయి, రేకు డబ్బా ఎనుక వెడితె ఛర్రా ఎనుకకు వచ్చి కండ్లల్ల పడుతది. కొట్టినంక చేతులు సబ్బువెట్టి కడుక్కోన్రి, ఛర్రా సీసం, అదే చేతితోని అన్నం తింటె సీసం కడుపులకు పోతది.

2022ల సంగారెడ్డి జిల్లాల ఒక ఫాంహౌజ్ కాడ ఎయిర్ గన్ పేలి నాలుగేండ్ల ఆడపిల్ల పానం పోయింది. లైసెన్సు అక్కర లేదంటె ఆటబొమ్మ అనుకుంటున్నరు, ఈ సంగతి అసొంటోళ్లకు జెప్పున్రి. అండర్ లివర్‌తోని ఇంకో చిక్కున్నది. బ్రేక్ బ్యారెల్ విరిస్తె నాళిల ఛర్రా ఉన్నదా లేదా అన్నది ఎమ్మటే కనపడుతది. అండర్ లివర్ల లివర్ మూసినంక ఛర్రా ఉన్నదో లేదో, స్ప్రింగు ముడుసుకుని ఉన్నదో లేదో పైనుంచి సూస్తె తెల్వది. లివర్ కింద క్లిప్పుకు తగులుకుని నున్నగ, ఉట్టి తుపాకి లెక్కనే కనపడుతది. కోతి వస్తదని ముడిచి, ఛర్రా వెట్టి, తలుపు ఎనుక నిలవెట్టుడు చాన ఇండ్లల్ల ఉన్న అలవాటు. స్ప్రింగుకు అది చేటు, గంటల తరబడి ముడిచి ఉంచితె స్ప్రింగు బలం తగ్గుతది. ఇంట్ల తిరిగే పిల్లకు అయితె అది ఏమైతదో వేరే జెప్పాల్నా?

ముడిచిన తుపాకిని కొట్టకుంట వదలాల్నంటె ఇసుక సంచి దిక్కు మూతి వెట్టి ఛర్రాతోనే ఒక్క దెబ్బ కొట్టి ఖాళీ చేసుడే మంచిది. లివర్ పట్టుకుని మెల్లగ ఎనుకకు వదిలే పద్ధతి కొన్ని మోడల్లల్ల ఉన్నది, కంపిని పుస్తకంల రాసి ఉంటెనే చెయ్యాలె. ఖాళీ అయినంక తుపాకి ఒక కాడ, ఛర్రాల డబ్బా ఇంకో కాడ. రెండిటికీ తాళం, తాళంచెయ్యి పెద్దోళ్ల మొలకు. ఆరు నెలలకోపారి లివర్ బందు కాడ ఒక్క చుక్క నూనె వేస్తె సాలు. పిస్టన్ దిక్కు, ఆ సన్నటి బెజ్జం దిక్కు మాత్రం నూనె సీసా మూతి సుత తియ్యకున్రి.